డిస్నీ పిన్నులు మార్చుకోవటానికి వెళ్తున్నారా? ఆన్‌లైన్ లాటు మాత్రం కొనకండి

మా చెల్లెలు వాళ్ళు ఫ్లోరిడాలో, టాంపాలో ఉంటారు. మొన్న ఎండాకాలం సెలవుల్లో నేను, మా ఆయన, మా బిడ్డ నల్లగొండ నుంచి వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చాం. మా బిడ్డ ఐదో తరగతి. పిన్ ట్రేడింగ్ అనేది ఒకటి ఉంటుందని పోయిన దసరా దాకా నాకు తెలియదు. చెల్లెలి కూతురు వీడియో కాల్‌లో తన పిన్నులన్నీ పరిచి చూపించిన రోజు నుంచి మా బిడ్డకు ఇంకో ధ్యాస లేదు. మా వైపు నుంచి, మిర్యాలగూడ, సూర్యాపేట, పాలమూరు నుంచి కూడా అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. మనవలతో డిస్నీకి వెళ్ళే అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్నారు. వాళ్ళకు పనికొస్తుందని ఇంత వివరంగా రాస్తున్నా. ఇందులో రెండు సంగతులున్నాయి. పార్కు లోపల జరిగే పిన్నుల మార్పిడికి ఐదుకు ఐదు ఇస్తాను. అక్కడికి తీసుకెళ్ళటానికని మేము ఆన్‌లైన్‌లో కొన్న యాభై పిన్నుల లాటుకు ఒక్కటి ఇవ్వటం కూడా ఎక్కువే.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. డిస్నీ పార్కుల్లో రంగురంగుల లోహపు పిన్నులు అమ్ముతారు, స్కూల్లో చొక్కాకు పెట్టుకునే బ్యాడ్జి లాంటివే కానీ పనితనం చాలా ఎక్కువ. మిక్కీ, డోనాల్డ్, కోటలు, రైడ్లు, పండుగలు, ఒక్కో దాని మీద ఒక్కో బొమ్మ. ఐడీ కార్డుకు వేసుకునే మెడపట్టీ ఉంటుంది చూడండి, దాన్ని లాన్‌యార్డ్ అంటారు, పిల్లలు పిన్నులన్నీ దానికి గుచ్చుకుని తిరుగుతుంటారు. పార్కులో పనిచేసేవాళ్ళను క్యాస్ట్ మెంబర్లు అంటారు. వాళ్ళలో కొందరి మెడలో కూడా ఇలాంటి పట్టీయే ఉంటుంది, కొన్ని షాపుల్లో పిన్నులు గుచ్చిన బోర్డు ఉంటుంది. మనది ఒకటి ఇచ్చి వాళ్ళ దాంట్లో నచ్చింది ఒకటి తీసుకోవచ్చు. పైసా కట్టక్కర్లేదు. మన పిన్ను లోహంతో చేసిందై, వెనక డిస్నీ కాపీరైట్ గుర్తు ఉంటే చాలు, వాళ్ళ పిన్ను ఎంత అందమైనదైనా కాదనకుండా ఇస్తారు. ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గరున్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 1999 అక్టోబరులో మిలీనియం వేడుకలతో పాటు దీన్ని మొదలుపెట్టారు. ఒలింపిక్స్‌లో ఈ అలవాటు అంతకుముందు నుంచే ఉంది, 1988 కాల్గరీ శీతాకాల ఒలింపిక్స్‌లో పిన్నులు మార్చుకోవటానికే కోకాకోలా వాళ్ళు ఒక కేంద్రం పెట్టారు.

మా చిన్నప్పుడు అగ్గిపెట్టె బొమ్మలు, గోటీలు మార్చుకునేవాళ్ళం కదా, చూడటానికి అదే ఆట. కాకపోతే మా ఆటలో పెద్ద పిల్లలు చిన్నవాళ్ళను మాయచేసి మంచివి తీసేసుకునేవాళ్ళు. ఇక్కడ ఎంచుకునేది ఎప్పుడూ పిల్లలే. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇక లాటు సంగతి. పార్కులో ఒక్కో పిన్ను పది డాలర్ల దగ్గర మొదలవుతుందని చెల్లెలు ముందే చెప్పింది. పిల్ల రోజుకు పది పిన్నులు మార్చుకుంటానంటుంది, పదీ కొనాలంటే మన లెక్కలో ఎనిమిదిన్నర వేలు. గుండె ఆగినంత పనైంది. ఫోన్‌లో వెతికితే యాభై పిన్నులు ముప్పై రెండు డాలర్లకే ఇస్తామని ఒకచోట కనబడింది. ఒక్కటి కూడా రిపీట్ కాదు, పార్కులో మార్చుకోవటానికి గ్యారంటీగా పనికొస్తాయి అని రాసి ఉంది. వందల మంది నాలుగున్నర స్టార్లు ఇచ్చారు. నేనే చెల్లెలి అడ్రసుకు ఆర్డర్ పెట్టాను. మేము దిగేసరికి పార్సిల్ వచ్చి ఉంది. రాత్రి డైనింగ్ టేబుల్ మీద కుమ్మరిస్తే గలగలమని పడ్డాయి, పిల్లలిద్దరూ కేకలు. ఒకే పిన్ను నాలుగుసార్లు రావటం అప్పుడే చూశాను, పోనీలే అనుకున్నాను. గూఫీ టోపీ నీలంగా ఉందేమిటి, ఆకుపచ్చది కదా అని చెల్లెలి కూతురు అన్నది. అదీ పట్టించుకోలేదు.

మొదటి రోజు అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు. టాంపా నుంచి కారులో గంటన్నర. లోపలికి వెళ్ళగానే మెయిన్ స్ట్రీట్‌లో ఒక పెద్దావిడ మెడలో పట్టీ కనబడింది. మా బిడ్డ ఇంట్లో గలగలా మాట్లాడుతుంది కానీ కొత్తవాళ్ళ ముందు నోరు తెరవదు, అందులోనూ ఇంగ్లిష్. నా చెయ్యి పట్టుకుని వెనక నిలబడింది. ఆవిడ గమనించి మోకాళ్ళ మీద కూర్చుని పట్టీని పిల్ల కళ్ళ ఎదురుగా పట్టుకుంది. ఇతరుల పట్టీ మీద చెయ్యి వేయకూడదు, వేలుతో చూపిస్తే వాళ్ళే తీసి ఇస్తారు. మనది కూడా వెనక రబ్బరు బిళ్ళతో సహా చేతికి ఇవ్వాలి. ఒకసారికి ఒకటే, ఒక్కొక్కరి దగ్గర రోజుకు రెండే. వాళ్ళ దగ్గర అప్పటికే ఉన్న పిన్ను మళ్ళీ ఇవ్వకూడదు. ఇదంతా ఆవిడ మెల్లగా, ఒక్కో మాటా పిల్లకు అర్థమయ్యేటట్టు చెప్పింది. మా బిడ్డ పావుగంట చూసి ఒక చిన్న టీ కప్పు బొమ్మ ఎంచుకుంది. దాని అంచున మూడు చుక్కలు కలిసినట్టు ఒక బుల్లి మిక్కీ తల ఉంది. దాన్ని హిడెన్ మిక్కీ పిన్ను అంటారట, ముందువైపు ఎక్కడో ఒక మూల ఆ గుర్తు ఉంటుంది, షాపులో అమ్మటానికి కాకుండా ఇలా మార్చుకోవటానికే విడుదల చేస్తారు. వెనక క్యూ పెరుగుతున్నా ఆవిడ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. ఆ సాయంత్రానికి మా బిడ్డ నన్ను వదిలేసి తనే ముందు నడిచి అడగటం మొదలుపెట్టింది. ఆరు నెలల స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులకు రాని మాట ఆ ఒక్క రోజులో వచ్చింది, ఈ మాట నేను ఎవరికైనా చెప్తాను.

ఆ రోజు మూడు మార్పిడులు చేశాం. మూడూ లాటులోవే ఇచ్చాం.

మర్నాడు ఎండకు పిల్లలు అలిసిపోయారని పార్కు మానేసి డిస్నీ స్ప్రింగ్స్‌కు వెళ్ళాం. అది షాపులు, హోటళ్ళు ఉన్న చోటు, టికెట్ అక్కర్లేదు, పార్కింగ్ కూడా ఉచితం. అక్కడ పిన్ ట్రేడర్స్ అని పిన్నులకే ఒక షాపు ఉంది. పార్కు టికెట్లకు డబ్బు పెట్టలేనివాళ్ళు, ఒక్క రోజు మాత్రమే పార్కు చూసేవాళ్ళు ఇక్కడికి తప్పకుండా వెళ్ళండి, గోడల నిండా పిన్నులే, చూసుకుంటూ రెండు గంటలు తిరగొచ్చు. డిస్నీ హోటళ్ళలోని షాపుల్లో కూడా బోర్డులు పెడతారు, వాటికీ పార్కు టికెట్ అవసరం లేదు.

ఆ షాపు బయట బెంచీ మీద ఒక పెద్దాయన ఫోల్డర్ లాంటి సంచి విప్పుకుని కూర్చున్నాడు, ఏళ్ళ తరబడి సేకరిస్తున్నవాడు. మా పిల్లలు ఆగి చూస్తుంటే ఆయనే పిలిచి చూపించాడు. మా బిడ్డ తన పట్టీ చూపించింది. ఆయన ఒక పిన్ను తీసి ముందువైపు చూడనే లేదు, వెంటనే వెనక్కి తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. అలా పది చూసి, పిల్లవైపు కాకుండా నా వైపు తిరిగి, ఇవి ఎక్కడ కొన్నారని మెల్లగా అడిగాడు. పదీ నకిలీవే. వాటిని స్క్రాపర్లు అంటారు. అసలు పిన్నులు కూడా ఎక్కువగా చైనాలోనే తయారవుతాయి. సరిగ్గా రాక పారేయాల్సినవి, అదే అచ్చుతో లెక్కకు మించి కొట్టినవి, అసలుదాన్ని చూసి కాపీ కొట్టినవి, అన్నిటికీ కలిపి ఆ పేరే.

ఆయన అలా వెనక్కి తిప్పగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మాది చౌటుప్పల్ దగ్గర, పోచంపల్లి పక్కనే. ఇక్కత్ చీర ఎక్కడ చూసినా మా అమ్మ ముందు కొంగు మడిచి వెనకవైపు చూస్తుంది. నూలుకు చిటికీలు కట్టి రంగు అద్దాక నేస్తారు కాబట్టి అసలు చేనేతకు రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, ప్రింటు కొట్టినదైతే వెనక వెలిసిపోయినట్టు ఉంటుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్న విద్య ఇది. చీర కొనేటప్పుడు నేనూ అలాగే చూస్తాను. ఆ లాటు ఫొటోల్లో మాత్రం అన్నీ ముందువైపు బొమ్మలే, వెనకవైపు ఒక్కటి కూడా లేదు, అది ఎందుకో అడగాలని నాకు తట్టలేదు.

కాబట్టి పిన్ను వెనక ఏం చూడాలో రాస్తున్నా. చాలా పిన్నుల వెనక గళ్ళు గళ్ళుగా మిక్కీ తలల అచ్చు ఉంటుంది. అసలుదానికి ఆ గళ్ళు అంచు దాకా వెళ్ళి తెగిపోయినట్టు ఆగుతాయి. నకిలీలో చాలాసార్లు చుట్టూ గట్టు లాంటి అంచు ఉండి, గళ్ళు దాని లోపలే ఆగిపోతాయి. డిస్నీ అక్షరాలు, కాపీరైట్ గుర్తు అలికినట్టు ఉంటాయి. తర్వాత ముందుకు తిప్పి వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఈ పిన్నులు చేసే పద్ధతి మన మీనాకారి నగల దారిలోనే ఉంటుంది, లోహం మీద అచ్చు కొట్టి, గుంటల్లో రంగు నింపి, కాల్చి, గట్టి ఎనామిల్ అయితే పైన సానబట్టి చదును చేస్తారు. సరిగ్గా చేసినదాని మీద వేలు పెడితే అద్దంలా ఉంటుంది. నకిలీలో రంగు మధ్యలో కుంగి ఉంటుంది, సూదిమొన లాంటి గుంటలు ఉంటాయి, ఒక రంగు గీత దాటి పక్క గడిలోకి పోయి ఉంటుంది. అంచులు వేలికి గరుకుగా తగులుతాయి. కొన్ని చేతిలోకి తీసుకుంటేనే తేలిక తెలుస్తుంది. ఏదో ఒక్క గుర్తు చూసి తేల్చేయకూడదు, అసలువాటిలో కూడా తేడాలుంటాయి, రెండు మూడు కలిస్తేనే అనుమానించాలి. మా గూఫీ నీలం టోపీకి మాత్రం ఇంకో గుర్తు అవసరం లేదు.

ఆ రాత్రి చెల్లెలి కూతురు, నేను కూర్చుని మిగిలిన నలభై ఏడూ తిప్పి తిప్పి చూశాం. నలభై ఒకటి ఖాయంగా నకిలీ. ఆరు మాకు తేలలేదు. ఇంకో సంగతి, మొదటి రోజు మార్చుకున్న మూడింట్లో ఒకటి కూడా నకిలీయే అని తేలింది. టీ కప్పు మాత్రం అసలుది, దేవుడి దయ.

మా ఆయన అన్నది ఏమిటంటే, వాళ్ళు ఎలాగూ కాదనరు, ఇచ్చేసి మంచివి తీసుకుంటే పోలా అని. చాలామంది చేసేది అదే, ఆ లాటు అమ్మేవాళ్ళు చెప్పేదీ అదే. మా బిడ్డ టేబుల్ మీద ఆ కుప్ప చూస్తూ, "అమ్మా, మనం ఇస్తే ఇది ఇంకో పిల్లకు పోతది కదా" అన్నది. ఆ మాట మీద ఇంట్లో ఎవరమూ ఇంకేం అనలేదు. నలభై ఏడూ డబ్బాలో వేసి మూత పెట్టేశాం. మొదటి రోజు తెలియక ఇచ్చిన మూడూ ఎవరి పిల్లల పట్టీల మీదికి పోయాయో, అది నాకు ఇప్పటికీ బాధే.

అమ్మినవాళ్ళకు రాశాను. వెనకవైపు ఫొటోలు తీసి పంపాను. మార్చుకోవటానికి పనికొస్తాయని చెప్పాం, పనికొస్తాయి కదా అని జవాబు. అసలువి అని మేము ఎక్కడా రాయలేదు అన్నారు. వెళ్ళి చదివితే నిజమే, ఆ మాట ఎక్కడా లేదు. వాపసు కావాలంటే తపాలా ఖర్చు మాదే అన్నారు, అది పిన్నుల ధరలో సగం. వదిలేశాను. కొనే ముందు ఆ ఒక్క మాట ఉందో లేదో చూడండి. అక్కడ నాలుగున్నర స్టార్లు ఇచ్చినవాళ్ళలో చాలామంది పార్సిల్ తొందరగా వచ్చిందని ఇచ్చారు తప్ప పిన్నును తిప్పి చూసి ఇవ్వలేదు.

తర్వాత పిన్ ట్రేడర్స్‌లో నాలుగు పిన్నులు, మెడపట్టీ కలిపి ఉండే స్టార్టర్ సెట్ కొన్నాం. నలభై డాలర్ల దగ్గర పడింది, అంటే మూడు వేల నాలుగు వందలు. తక్కువేం కాదు, అయినా ఇదే కొనమంటాను. ఎందుకంటే పిన్ను ఖర్చైపోయే వస్తువు కాదు. ఇచ్చిన ప్రతిదానికీ ఇంకోటి చేతికొస్తుంది, అది నచ్చకపోతే దాన్నే ఇంకొకరి దగ్గర మార్చుకోవచ్చు. నాలుగు పిన్నులతో పిల్ల రోజంతా ఆడుకుంది, పొద్దున నాలుగు, రాత్రి నాలుగు, కానీ నాలుగూ వేరే. యాభై కావాలనుకోవటమే నా పొరపాటు లెక్క. యానిమల్ కింగ్‌డమ్ పార్కులో ఇంకో సెట్ తీసుకున్నాం, ఆ ఎనిమిదితోనే ట్రిప్ అంతా నడిచింది. లోపల ఏముందో తెలియకుండా అమ్మే మిస్టరీ ప్యాకెట్లు కూడా ఉంటాయి, వాటి జోలికి నేను పోలేదు, పిల్లకు ఏది కావాలో చూసి కొనటమే నాకిష్టం. వెనక లిమిటెడ్ ఎడిషన్ అని ఎన్ని చేశారో అంకె వేసిన పిన్నులు ఖరీదెక్కువ, అవి సేకరించేవాళ్ళు దాచుకునేవి, పిల్లల మార్పిడికి మామూలువే చాలు.

ఒక జాగ్రత్త. మిక్కీ తల ఆకారంలో ఉండే రబ్బరు బిళ్ళ రాపిడికి జారిపోతుంటుంది. మా చెల్లెలి కూతురు ఇచ్చిన డోనాల్డ్ పిన్ను నేను సరిగ్గా నొక్కకుండా పట్టీకి పెట్టాను, ఎప్పుడు పడిపోయిందో తెలియదు, రైడ్ క్యూలో అరగంట వంగి వెతికాం, దొరకలేదు. దాచుకోవాలనుకున్న పిన్నులకు చిన్న లోహపు లాకులు అమ్ముతారు, బుల్లి తాళంతో బిగించేవి, అవి పెట్టండి. మార్చుకోవాల్సిన వాటికి రబ్బరు బిళ్ళే ఉంచండి, లేకపోతే ప్రతిసారీ తాళం తీసుకుంటూ కూర్చోవాలి.

నల్లగొండ వచ్చాక ప్రకాశం బజార్‌లో టైలర్‌తో ఒక బ్యానర్ కుట్టించాం. ముదురు నీలం వెల్వెట్, వెనక రెండు పొరల మధ్య జంపఖానా ముక్క. పిన్ను ముల్లు గుచ్చితే గోడకు తగలకుండా ఆ మందంలోనే ఆగుతుంది, వెల్వెట్ కూడా సాగదు. మూడు వందలు తీసుకున్నాడు. ఆన్‌లైన్‌లో దొరికే వాటికంటే బాగుంది, కొలతలు మనిష్టం. మా అత్తమ్మ మొదట "ఇన్ని పైసలు పెట్టి గుండీలు తెచ్చిన్రా" అన్నది కానీ, టీ కప్పు పిన్ను చేతికిస్తే అద్దాలు తెచ్చుకుని మరీ చూసి, తన పాత మీనాకారి జుంకాలు తీసి దాని పక్కన పెట్టి మా బిడ్డకు చూపించింది. ఇద్దరూ ఆ మధ్యాహ్నమంతా రంగు ఎలా నింపుతారో మాట్లాడుకున్నారు.

మా బిడ్డ నన్ను ఒకటే అడుగుతోంది, మన ఊరి పిన్నులు ఎందుకు లేవని. నాకూ అదే అనిపిస్తోంది. నాగార్జునసాగర్‌లో బుద్ధవనం ఉంది, 274 ఎకరాల బౌద్ధ థీమ్ పార్కు, 2022లో తెరిచారు. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే ఆ నీడ ఒక్కటి చాలు పిన్ను మీద బొమ్మకు. పిల్లలమర్రి ఊడలు ఎనామిల్‌లో ఎంత బాగా వస్తాయో ఊహించుకోండి. స్కూలు ట్రిప్పులో వచ్చిన పిల్లలు యాభై రూపాయలకు ఒకటి కొనుక్కుని, ఇంకో ఊరి పిల్లలతో మార్చుకుంటే ఎంత బాగుంటుంది. ఎవరైనా చేయిస్తే మొదటి పది నేనే కొంటాను. వెనకవైపు మాత్రం శుభ్రంగా చేయించండి.

మహబూబ్‌నగర్‌లో ఉండే మా ఆడపడుచు వాళ్ళు జనవరిలో ఓర్లాండో వెళ్తున్నారు, వాళ్ళ బాబుకు ఎనిమిదేళ్ళు. లాటు కొంటామని ఫోన్ చేస్తే నేను వద్దన్నాను. మా బిడ్డ తన బ్యానర్ మీద నుంచి నాలుగు పిన్నులు తీసి ఇచ్చింది, ఒక్కోటి వెనక్కి తిప్పి గళ్ళు ఎక్కడ ఆగాయో వాడికి చూపించి మరీ ఇచ్చింది. టీ కప్పు మాత్రం బ్యానర్ మీదే ఉంది.